పాత రిగ్ బేరమాడే ముందు

సెకండ్‌హ్యాండ్ హెచ్‌ఎఫ్ రిగ్ (హ్యామ్‌లు, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు, వాడే షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్-రిసీవర్ సెట్టు) చూడటానికి వెళ్ళేటప్పుడు 100 వాట్లు తట్టుకునే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టరు), వాట్‌మీటరు, మల్టీమీటరు, టార్చి వెంట ఉండాలి. 13.8 వోల్టుల, 25 ఆంపియర్ల సప్లై అక్కడ ఉందో లేదో ముందే కనుక్కోండి. "సప్లై లేదు గానీ సెట్టు బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అనే మాటకు విలువ కట్టొద్దు. ట్రాన్స్‌మిటర్ కొనాలంటే మీకు హ్యామ్ లైసెన్సు ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

మొదట స్క్రూల తలలు చూడండి. అరిగిపోయి ఉంటే ఎవరో లోపల చెయ్యి పెట్టినట్టే. మూత తీయించి వాసన చూడండి, కాలిన బోర్డు వాసన ఏళ్ళ తరబడి పోదు.

తర్వాత చెవికి పని. 40 మీటర్ల బ్యాండులో, అంటే 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ మధ్య, యాంటెన్నా కేబుల్ పెట్టి తీసి చూడండి. పెట్టగానే గరగర బాగా పెరగాలి. పెరగకపోతే వెంటనే వదులుకోకండి. డమ్మీ లోడ్ మీద ఒకసారి ట్రాన్స్‌మిట్ చేసి, మళ్ళీ యాంటెన్నా తగిలించి వినండి. ఇప్పుడు వినిపిస్తే యాంటెన్నాను ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ మార్చే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాంటాక్టులకు చిలుము పట్టిందన్నమాట. చిన్న రిపేరు, పెద్ద బేరం. ఈ వేటలో అసలు మజా ఇక్కడే ఉంది.

డమ్మీ లోడ్ మీద ఆర్‌టీటీవై (టెలిటైపు) మోడ్‌లో ఐదారు సెకన్లు ట్రాన్స్‌మిట్ నొక్కి, ఒక్కో బ్యాండులో ఎన్ని వాట్లు వస్తున్నాయో రాసుకోండి. ఎస్‌ఎస్‌బీలో (మాటలు పంపే మోడ్) మాట్లాడితే ముల్లు ఊగుతుందే తప్ప లెక్క తేలదు. ఒక్క బ్యాండులోనే తగ్గితే ఆ బ్యాండు ఫిల్టరునో దాని రిలేనో అనుమానించాలి. అన్నిటా తగ్గితే పవర్ పెంచే చివరి దశల్లోని డ్రైవరో ఫైనల్ ట్రాన్సిస్టర్లో పోయి ఉండొచ్చు. ఆ మాట అనేముందు సెట్టు వెనక వోల్టేజీ కొలవండి. నొక్కినప్పుడు 12 కంటే కిందికి పడితే తప్పు సన్న తీగలది, సప్లైది.

ఐకామ్ ఐసీ-745, 751 లాంటి పాత సెట్లలో ర్యామ్ బోర్డు మీది లిథియం బ్యాటరీ అయిపోతే సెట్టును నడిపే ప్రోగ్రామే చెరిగిపోతుంది. ఆ బ్యాటరీ ఎప్పుడు మార్చారో తప్పక అడగండి. వాల్వులున్న కెన్‌వుడ్ టీఎస్-520 అయితే వెనక వోల్టేజీ అమరిక చూడండి, జపాన్‌లో అమ్మినవి 100 వోల్టులవి. ఏళ్ళుగా మూలన పడి ఉన్నదాన్ని నేరుగా 230కి తగిలించకుండా, హీటర్ స్విచ్ ఆపి, 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారాలి. అలాగే భగభగ వెలుగుతుంటే లోపల షార్టు ఉంది, ఆపేయండి.

మైకు లేకుండా ఇస్తే ధర తగ్గించమనండి. ఎనిమిది పిన్నుల గుండ్రటి సాకెట్ చూడటానికి ఒకటే అయినా, యాయెసు, ఐకామ్, కెన్‌వుడ్ కంపెనీల సెట్లలో వైరింగు వేరు.

రిగ్‌తో పాటు ట్యూనరు (యాంటెన్నాను సెట్టుకు పొందించే పెట్టె) కట్టుకోవడానికి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట పాత రేడియో గ్యాంగ్ కండెన్సర్లు (ఇరుసు తిప్పితే రేకులు కదిలేవి) దొరికితే, మల్టీమీటరు తగిలించి ఇరుసును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఎక్కడ బీప్ వచ్చినా రేకులు తగులుతున్నట్టే. రేకుల మధ్య సందు తక్కువ కాబట్టి ఇవి ఐదారు వాట్ల ట్యూనర్లకే, 100 వాట్లకు వాడితే నిప్పురవ్వలు లేస్తాయి. యాంటెన్నా కేబుల్ చివర పెట్టే పీఎల్-259 కనెక్టరును మాత్రం ఒకటే కొని, పిన్ను చుట్టూ ఉన్న ఇన్సులేషన్‌కు సోల్డరింగ్ ఐరన్ మొన తాకించి చూడండి. టెఫ్లాన్ అయితే చెక్కుచెదరదు. మామూలు ప్లాస్టిక్ అయితే కరిగి పిన్ను పక్కకు ఒరుగుతుంది, అలాంటివి డజను కొన్నా దండగే.