సముద్రపు గాలికి నిలిచే చెక్క కంచె కట్టడం ఎలా?

విశాఖ నుంచి భీమిలి దాకా, ఇటు కాకినాడ, బాపట్ల వైపు తీరం వెంబడి ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఒకటే కోరిక ఉంటుంది. వరండాలో కూర్చుంటే రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడకూడదు, సాయంత్రం గాలి మాత్రం ఇంట్లోకి రావాలి. ఆరడుగుల ప్రహరీ గోడ కడితే చూపుతో పాటు గాలి కూడా ఆగిపోతుంది. చెక్క కంచె ఈ రెండు పనులూ చేయగలదు. కానీ ఊళ్లో కట్టినట్టే తీరంలో కడితే రెండేళ్లకే మేకులు తుప్పు పడతాయి, గుంజలు మొదట్లో పుచ్చిపోతాయి, ఒక్క గట్టి తుపానుకు మొత్తం నేలకు ఒరుగుతుంది.

తీరంలో కంచెకు అసలు శత్రువు గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. మన భవన నిర్మాణ ప్రమాణాల్లో కూడా విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమని ఉంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆరడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తున్న మూసిన పలక మీద గంటకు 90 కిలోమీటర్ల గాలి వంద కిలోలకు పైగా బరువు మోపుతుంది. వేగం రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుంది, అంటే నాలుగు వందల కిలోలు దాటుతుంది. మన పెద్దవాళ్లు కట్టిన తాటాకు దడి గాలిని కొంత వదిలేసేది కాబట్టే నిలబడేది. చెక్క కంచెకూ అదే సూత్రం: చూపు ఆగాలి, గాలి సాగాలి. ఈ వ్యాసంలోని కొలతలన్నీ దాన్ని బట్టే చెబుతున్నాను.

పని మొదలుపెట్టే ముందు

ముందు హద్దు తేల్చుకోండి. గ్రామమైతే గ్రామ సచివాలయంలోని సర్వేయర్ చేత ఎఫ్ఎంబీ (పొలాల, స్థలాల కొలతల పుస్తకం) చూసి కొలిపించుకుని, మూలల్లో రాళ్లు పాతించాలి. పక్కింటివాళ్లను పిలిచి వాళ్ల ఎదుటే కొలిపిస్తే తర్వాత మాట రాదు.

రెండోది సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలి నిబంధనలు. సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు స్థలం తీర నియంత్రణ పరిధిలోకి వస్తుంది. అందులోనూ నీటికి దగ్గరగా ఉన్న భాగంలో ఆంక్షలు ఇంకా గట్టిగా ఉంటాయి. ‘చెక్క కంచేగా, దీనికేం అనుమతి’ అనుకోవద్దు. పంచాయతీలోనో, జీవీఎంసీ, వీఎంఆర్‌డీఏ లాంటి సంస్థల్లోనో అడిగి, రాతపూర్వకంగా తెలుసుకున్నాకే గుంతలు తవ్వండి. జనం బీచ్‌కు పోయే దారిని మూయకూడదు. ఇసుక దిబ్బను చదును చేయకూడదు. తుపాను అలకు ఇంటి ముందు మొదటి అడ్డు ఆ దిబ్బే. చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే సముద్రపు తాబేళ్లకు కూడా ఆ ఇసుకే కావాలి. కంచె మీ హద్దులోనే, దిబ్బకు ఇవతలే ఉండాలి.

కాలం విషయానికొస్తే, సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు ముగించడం మంచిది. అప్పటికి తుపాన్ల తాకిడి తగ్గి ఉంటుంది, కలప కూడా ఆరి ఉంటుంది.

కలప, ఇనుప సామాను

చేవదేరిన కర్రే వాడాలి. టేకైనా సరే, అంచున ఉండే తెల్ల చెక్కకు చెదలు పడతాయి, పుచ్చు కూడా త్వరగా వస్తుంది. టింబర్ డిపోలో పలకలను ఒక్కొక్కటీ తిప్పి చూసి, తెల్ల చెక్క ఉన్నవి పక్కన పెట్టించండి. గోదావరి జిల్లాల్లో పాత మండువా ఇళ్లు విప్పిన కలప దొరికితే వదలొద్దు. ఏళ్ల తరబడి ఆరిన టేకు ఇక వంకర తిరగదు. కోయించే ముందు పాత మేకులన్నీ పీకించండి, లేకపోతే మిల్లువాళ్లు రంపానికి పెట్టరు. డబ్బు తక్కువైతే మందు ఎక్కించిన పైన్ కలప పనికొస్తుంది. సరుగుడు బాదులు చవకే, కానీ మందు పట్టించకుండా నేలలో పాతితే ఎక్కువ కాలం నిలవవు.

ఇనుప సామాను దగ్గర మాత్రం పొదుపు చూడొద్దు. మామూలు మేకులు ఉప్పు గాలికి తుప్పు పట్టడమే కాదు, టేకులోని వగరు ఇనుముతో కలిసి పలక మీద నల్లటి చారలు దించుతుంది. ఆ చారలు తుడిస్తే పోవు. పలకలకు 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు తీసుకోండి. 304 రకం కూడా స్టెయిన్‌లెస్సే కానీ సముద్రపు గాలికి గోధుమ రంగు మరకలు పడతాయి. 316లో మాలిబ్డినం కలిసి ఉండటం వల్ల ఉప్పును బాగా తట్టుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండిటికీ తేడా తెలియదు కాబట్టి డబ్బా మీద 316 అనో ఏ4 అనో రాసి ఉందేమో చూసుకోవాలి.

ఒక్కో ఖానాకు, అంటే రెండు గుంజల మధ్య జాగాకు, కావలసినవి ఇవి: నాలుగంగుళాల చదరపు గుంజ, రెండు బై మూడు అంగుళాల అడ్డకర్రలు మూడు, నాలుగంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న పలకలు దాదాపు ఇరవై. గుంజకూ గుంజకూ మధ్య ఆరడుగులు, కంచె ఎత్తు ఐదడుగులు చాలు. కుర్చీలో కూర్చున్న మనిషిని దాచడానికి ఐదడుగులు సరిపోతాయి. ఆరో అడుగు వేస్తే గుంజ మొదట్లో పడే ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది.

మొదటి పని: ఇనుప చెప్పులు చేయించడం

నా లెక్కలో కంచె ఆయుష్షు సగం ఇక్కడే తేలిపోతుంది. కర్ర గుంజను నేరుగా కాంక్రీటులో పాతితే నేల మట్టం దగ్గర తేమ నిలిచి అక్కడే పుచ్చుతుంది. అందుకని గుంజ నేలను తాకకుండా ఇనుప చెప్పులో నిలబెట్టాలి.

మూడంగుళాల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ఇనుప పట్టీలు తీసుకోండి. పొడవు నాలుగడుగులు. రెండున్నర అడుగులు కాంక్రీటులోకి పోయి, అడుగున్నర పైకి ఉంటాయి. రెండిటికీ మధ్య నాలుగంగుళాల ఖాళీ ఉంచి అడుగున అడ్డపట్టీ, గుంజ కూర్చునే చోట చిన్న పలక వెల్డింగ్ చేయించాలి. ఆ పలక కాంక్రీటుకు రెండు మూడు అంగుళాలు పైన ఉండాలి. పైభాగంలో 12 మిల్లీమీటర్ల బోల్టులకు రెండు రంధ్రాలు, మధ్య అడుగు దూరం. వెల్డింగూ రంధ్రాలూ అన్నీ అయ్యాకే హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు, అంటే కరిగిన జింకులో ముంచి పూత పట్టించడానికి, పంపాలి. ముందు పూత వేయించి తర్వాత రంధ్రం చేస్తే తుప్పు ఆ రంధ్రం దగ్గరే మొదలవుతుంది. బోల్టులు కూడా హాట్ డిప్‌వే కొనండి. వెండి రంగు స్ప్రే కొట్టి గాల్వనైజింగ్ అని అమ్మేవాళ్లూ ఉంటారు. అసలు పూత మందంగా, కాస్త గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది.

రెండో పని: గుంతలు, కాంక్రీటు

మూల గుంజలు నిలిచే చోట మేకులు కొట్టి దారం లాగండి. దారం మీద ఆరడుగులకొక గుర్తు పెట్టి, అడుగున్నర వెడల్పున గుంత తవ్వించండి. ఎర్రమట్టి నేలలో మూడడుగుల లోతు సరిపోతుంది. ఉత్త ఇసుక అయితే మూడున్నర పైనే పోవాలి.

ఇసుకలో గుంత తవ్వుతుంటే పక్కలు కూలుతూ ఉంటాయి. అడుగు భాగం కోసేసిన ప్లాస్టిక్ డ్రమ్మును గుంతలో దించి, లోపలి ఇసుక తోడుతూ కిందికి జార్చుకుంటూ పోవాలి, బావికి వరలు దించినట్టే. కాంక్రీటు పోస్తూ డ్రమ్మును మెల్లగా పైకి లాగేస్తే కాంక్రీటు చుట్టూ ఉన్న నేలను పట్టుకుంటుంది.

సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలపండి. ఎదురుగా కుప్పలు కుప్పలుగా ఉంది కదా అని బీచ్ ఇసుక మాత్రం కలపొద్దు. అందులోని ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది. నది ఇసుక గానీ రోబో శాండ్ (రాయిని పొడి చేసిన ఇసుక) గానీ తెప్పించండి. ఉప్పు తగిలే బోరు నీళ్లు కూడా వద్దు, తాగే నీళ్లే వాడండి.

ముందు గుంత అడుగున కొంత కాంక్రీటు పోసి, దాని మీద చెప్పును నిలబెట్టాలి. పట్టీ కొస మట్టిని తాకకూడదు. ఇక్కడ ఒక్క విషయం మేస్త్రీకి దగ్గరుండి చెప్పాలి. పట్టీలు కంచె వరుస వెంబడి గుంజకు చెరో పక్కన రావాలి. అప్పుడు గాలి తోపు పట్టీ మూడంగుళాల వెడల్పు మీద పడుతుంది, ఇనుము వంగదు. అడ్డంగా తిప్పి పెడితే 8 మిల్లీమీటర్ల మందమే గాలికి ఎదురవుతుంది, పెద్ద గాలికి రేకులా ఒరిగిపోతుంది. రసమట్టంతో నిలువు చూసుకుని, నాలుగు దిక్కులా కర్రలు దన్ను పెట్టి వదిలేయండి. కాంక్రీటు పైభాగాన్ని నేలకు రెండంగుళాలు ఎత్తుగా, నీళ్లు జారేలా వాలు చేయించాలి. గోనెపట్టా చుట్టి వారం రోజులు తడపండి. ఆ వారంలో గుంజ ఎక్కించొద్దు.

మూడో పని: గుంజలు, అడ్డకర్రలు

ఈ వారం ఖాళీలో కలప పని చూసుకోవచ్చు. కర్ర నీళ్లు తాగేది కోసిన కొసల నుంచే. ప్రతి గుంజకూ ప్రతి పలకకూ రెండు కొసలా ఉడ్ ఆయిల్ పట్టించి ఆరనివ్వండి. సైట్‌లో మళ్లీ కోస్తే మళ్లీ పూయాలి. గుంజ తలను వాలుగా కోయించండి, వాన నీరు నిలవదు.

గుంజను చెప్పులో కూర్చోబెట్టి, బరమాతో రంధ్రం చేసి, పెద్ద వాషర్లు వేసి బోల్టులు బిగించాలి. ముందు రెండు మూలలు నిలబెట్టి, వాటి తలల మధ్య దారం కట్టి, మిగతావి ఆ దారానికి సరిచేసుకోవాలి. అడ్డకర్రలు గుంజల మధ్య మూడు చోట్ల వస్తాయి: నేలకు ఎనిమిది అంగుళాల పైన ఒకటి, నడుమ ఒకటి, పై కొసకు ఆరంగుళాల కింద ఒకటి. మూడంగుళాల ముఖం నిలువుగా ఉండాలి. కొసలను గుంజకు గాల్వనైజ్ చేసిన ఎల్ పట్టీలతో బిగించండి. గుంజలో గాడి చెక్కి దూర్చడం చూడటానికి అందంగానే ఉంటుంది కానీ ఆ గాడిలో నీరు నిలుస్తుంది. తీరంలో నేనైతే పట్టీలకే ఓటేస్తాను.

నాలుగో పని: పలకలు

పలకలన్నీ ఒకే వైపు ఆనించి కొడితే కంచె తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. అందుకే అడ్డకర్రలకు రెండు వైపులా మార్చి మార్చి కొట్టాలి. వీధి వైపు ఒక పలక, రెండున్నర అంగుళాల సందు, మళ్లీ పలక. ఇంటి వైపు పలకలు సరిగ్గా ఆ సందులకు ఎదురుగా రావాలి. నాలుగంగుళాల పలక రెండున్నర అంగుళాల సందును మూసి, రెండు పక్కలా ముప్పావు అంగుళం చొప్పున ఎక్కువ వస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ కనబడదు. గాలి మాత్రం రెండు వరుసల మధ్య ఉన్న రెండంగుళాల ఖాళీలోంచి ఒరుసుకుంటూ ఇవతలికి వస్తుంది. బాగా పక్కకు వాలి చూస్తే సన్నగా కనబడొచ్చు. అది ఇష్టం లేకపోతే సందును రెండంగుళాలకు తగ్గించుకోండి.

ప్రతిసారీ టేపు పట్టుకోకుండా రెండున్నర అంగుళాల చెక్క ముక్క ఒకటి కోసుకుని, దాన్ని ఆనించి పలక పెట్టుకుంటూ పోతే పని చకచకా సాగుతుంది. అయిదారు పలకలకొకసారి రసమట్టం పెట్టి నిలువు చూసుకోండి. అడ్డకర్ర దగ్గర ఒక్కో పలకకు రెండు స్క్రూలు, ముందుగా సన్న బరమాతో రంధ్రం చేశాకే ఎక్కించాలి. టేకులో నేరుగా ఎక్కిస్తే పలక చీలుతుంది, 316 స్క్రూ మెత్తన కాబట్టి తల కూడా తెగుతుంది. తల పలకతో సమంగా ఉంటే చాలు. లోపలికి దిగితే ఆ గుంటలో ఉప్పు నీరు చేరుతుంది.

పలకల అడుగున నేలకు మూడంగుళాలు వదలండి. కంచె కాళ్ల దగ్గర గాలి ఇసుకను పోగేస్తుంది, ఆ ఇసుకలో కూరుకున్న పలక కొస ఎంత టేకైనా పుచ్చుతుంది. కుక్కలు దూరతాయనుకుంటే అక్కడ ఒక వరుస రాళ్లు పేర్చుకోండి. గేటుకు మాత్రం రెండు వైపులా ఇంకాస్త లావు గుంజలు పెట్టించాలి.

పూత, ఆ తర్వాత చూసుకోవాల్సినవి

మెరిసే వార్నిష్ వద్దు. ఎండకు పొరలు పొరలుగా లేస్తుంది, మళ్లీ వేయాలంటే మొత్తం గీకాలి. కలపలోకి ఇంకే, కొంచెం రంగు కలిసిన ఉడ్ ఆయిల్ రెండు చేతులు వేయండి. ఉద్దానంలో జీడి తొక్కల నుంచి తీసే నూనె కూడా కర్రకు మంచి కాపుదలే. కర్ర నల్లబడుతుంది, చేతికి తగిలితే పొక్కుతుంది కాబట్టి తొడుగులు వేసుకోకుండా ముట్టుకోవద్దు. ఏ నూనైనా సముద్రం వైపు ముఖానికి ముందుగా అరుగుతుంది. నీటి చుక్క నిలవకుండా పలకలోకి ఇంకిపోతుంటే మళ్లీ పూయాల్సిన సమయం వచ్చినట్టే.

వానాకాలంలో ఉప్పు దానంతటదే కడిగిపోతుంది. మిగతా నెలల్లో అప్పుడప్పుడూ మంచినీళ్ల గొట్టంతో, ముఖ్యంగా బోల్టుల దగ్గర కడగండి. చెప్పుల మీదుగా మట్టి దారులు పైకి పాకుతున్నాయేమో చూడండి. ఉంటే చెదలు వచ్చినట్టే. అవి దాక్కోవడానికి చోటు లేదు కాబట్టి గీకేసి, అక్కడ మందు రాస్తే సరిపోతుంది. తీరంలో నీటి మట్టం పైనే ఉంటుంది, నేలలో మందు పోస్తే బావిలోకి దిగే ప్రమాదం ఉంది.

ఏటా దసరా లోపు బోల్టులన్నీ ఒకసారి బిగించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం. హెచ్చరిక వచ్చిన రోజున ఇంటి వైపు పలకల్లో ఒకటి విడిచి ఒకటి విప్పి లోపల పెట్టుకుంటే గాలికి ఇంకాస్త దారి దొరుకుతుంది. స్క్రూలతో బిగించినవి కాబట్టి విప్పడం కష్టం కాదు. వాటి వెనక నంబర్లు వేసి ఉంచుకుంటే తుపాను వెళ్లాక ఏది ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు.