ఎన్‌ఎఫ్‌ఎస్ ప్యాకెట్‌లో ఫైల్ పేరు దాటాక లెక్క తప్పుతోందా?

ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ప్యాకెట్లు చదివే చిన్న స్క్రిప్టు రాస్తే, ఫైల్ పేరు దాటగానే మిగతాదంతా చెత్తగా వచ్చేది. తిరుపతిలో మా ఆఫీసు సర్వర్‌తో రెండు రాత్రులు కుస్తీ పట్టినాక తెలిసింది.

పేరుకు ముందు 4 బైట్లలో దాని పొడవు ఉంటుంది. పేరు అయ్యాక, 4 గుణిజం పూర్తయ్యేదాకా సున్నాలు. పొడవుకు 3 కలిపి, 4తో భాగించి, శేషం వదిలేసి, మళ్లీ 4తో గుణించండి. పేరు మొదలైన చోటి నుంచి అన్ని బైట్లు ముందుకు జరిగితే చాలు. అక్షరాలు కాదు, యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) బైట్లు లెక్కపెట్టాలి, నేను బోల్తా పడింది ఇక్కడే. ‘తిరుపతి’ చూడ్డానికి నాలుగక్షరాలే, గుడులూ కొమ్మూ కలిపితే 21 బైట్లు. పొడవు దగ్గర 21 అనే ఉంటుంది, జరగాల్సింది మాత్రం 24.

ఎస్‌ఎంబీ2 (ఫైళ్లు పంచుకునే మరో పద్ధతి)లో ఒకదాని వెనక ఒకటి గుచ్చి పంపే రిక్వెస్టులు 8 బైట్ల హద్దు మీద మొదలవుతాయి. అక్కడ ఈ లెక్క వాడొద్దు.