కొలనోస్కోపీ: ఎప్పుడు చేయించాలి, పేగును ఎలా సిద్ధం చేసుకోవాలి

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అది ముదరడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఆలోపే కనిపెట్టి, కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తూనే తీసేయవచ్చు. అందుకే ఏ బాధా లేకపోయినా 45 ఏళ్లకు పరీక్షలు మొదలుపెట్టండి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చివుంటే ఇంకా ముందే, సాధారణంగా 40 ఏళ్లకు.

మలంలో రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష అయితే ఏటా చేయించాలి. కొలనోస్కోపీ అయితే, అంతా బాగుంటే 10 ఏళ్లకోసారి చాలు. ఫిట్ పాజిటివ్ వస్తే మొలల వల్లేనని సరిపెట్టుకోవద్దు. మళ్లీ ఫిట్ చేయించి నెగటివ్ వచ్చిందని ఆగిపోవడం మరీ ప్రమాదం, ఎందుకంటే బుడిపె నుంచి రక్తం రోజూ కారదు. కొలనోస్కోపీ చేయించాల్సిందే.

ఈ పరీక్ష ఎక్కువగా చెడేది పేగు శుభ్రం కాకపోవడం వల్లే. మలం మిగిలితే చదునైన పాలిప్‌లు దాని కింద దాక్కుంటాయి. మూడు రోజుల ముందు నుంచి గింజలు, పప్పులు, పీచు మానేయండి. ముందురోజు వడకట్టిన ద్రవాలే తాగాలి; ఎరుపు, ఊదా రంగువి వద్దు, అవి రక్తంలా కనిపిస్తాయి. విరేచన మందు సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, 2 గంటల ముందే ముగించాలి. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి, చల్లబరిచి, స్ట్రాతో మెల్లగా తాగండి. చివరికి లేత పసుపు నీళ్లలా రావాలి. ఇంకా గోధుమరంగులో వస్తుంటే బయలుదేరక ముందే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. రక్తం పలచబరిచేవి, షుగర్ మందులు మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టరును అడగండి.