డిస్ట్రిబ్యూటర్ బిగించాక బండి స్టార్ట్ కావట్లేదా? మళ్లీ సెల్ఫ్ కొట్టే ముందు ఇవి చూడండి

వానలు దగ్గరపడ్డాయి. విశాఖలో పాత మారుతి 800, అంబాసిడర్ ఉన్నవాళ్లు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వరుసగా స్పార్క్ పంచే భాగం) విప్పి శుభ్రం చేసుకునే రోజులివి.

- కార్బురేటర్‌లోంచి ఢబ్‌మని వెనక్కి తంతే సెల్ఫ్ కొట్టడం ఆపేయండి, మంట అంటుకునే ప్రమాదం ఉంది. డిస్ట్రిబ్యూటర్ 180 డిగ్రీలు తిరిగి కూర్చుని ఉండొచ్చు. టైమింగ్ మార్కు (ఒకటో పిస్టన్ పైకొచ్చిందని చూపే గుర్తు) ఒక్కటే నమ్మొద్దు. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ తిరిగేది ఒక్క చుట్టే, అందుకే పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర్లోనూ ఆ మార్కు కలుస్తుంది. ఇగ్నిషన్ ఆపి, ఒకటో ప్లగ్ తీసి, రంధ్రం మీద వేలు పెట్టి క్రాంకును స్పానర్‌తో తిప్పించండి. గాలి వేలిని తోస్తుండగా మార్కు కలవాలి, రోటర్ (డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే ముక్క) ఒకటో వైరు వైపు ఉండాలి.

- ప్లగ్ వైర్ల వరుస మారుతి 800కి 1-3-2, పెట్రోల్ అంబాసిడర్‌కి 1-3-4-2. రోటర్ తిరిగే దిశలోనే లెక్కపెట్టాలి. ఎదురు దిశలో పెడితే డిస్ట్రిబ్యూటర్‌ని ఎంత తిప్పినా లాభం లేదు.

- పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటును తెంచే కాంటాక్టులు) తెరుచుకుంటున్నాయా? లేకపోతే స్పార్క్ రాదు.

- డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (మూత) లోపల పొడిగుడ్డతో తుడవండి. మన సముద్రపు గాలికి తేమ, తుప్పు త్వరగా పడతాయి. సన్నటి పగులు కనిపించినా క్యాప్ మార్చేయండి, వానలో అదే నడిరోడ్డు మీద ఆపేస్తుంది.

- కాయిల్ (స్పార్క్‌కు వోల్టేజీ పెంచే భాగం) నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే సన్న వైరు గట్టిగా బిగించారా?