ఇల్లు మారేటప్పుడు పగిలే సామాన్లు ఎలా సర్దాలి?

మా అమ్మమ్మ ఆవకాయ జాడీ నాలుగు ఇళ్లు మారింది, ఒక్క గీత పడలేదు. అయిదోసారి విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు మూత పగిలింది. తప్పు నాదే. జాడీకి బొంత బాగానే చుట్టాను. మూతను మాత్రం దాని స్థానంలోనే పెట్టి, పైనుంచి పురికొసతో బిగించి కట్టేశాను. లారీ గుంతలో పడలేదు, పెట్టెను ఎవరూ కింద పడేయలేదు. దాదాపు 275 కిలోమీటర్లు పింగాణీ మీద పింగాణీ టకటకా కొట్టుకుంటూ వచ్చింది, అంతే. ఇప్పుడు ఆ జాడీకి స్టీలు ప్లేటే మూత.

ఆ తర్వాత గమనించాను, మా ఇంట్లో ఇల్లు మారినప్పుడల్లా పగిలినవన్నీ దాదాపు ఇలాగే పగిలాయి. పెట్టెలో ఖాళీ ఉంటే సామాను కదులుతుంది, కదిలితే పక్కదానికి తగులుతుంది. కాబట్టి ఏ వస్తువూ ఇంకో వస్తువుకి నేరుగా ఆనకూడదు, పెట్టెలో ఎక్కడా ఖాళీ మిగలకూడదు. కింద చెప్పేదంతా ఈ రెండు పనుల కోసమే.

ముందుగా పోగు చేసుకోవాల్సినవి

పది రోజుల ముందు మొదలుపెడితే టెన్షన్ ఉండదు. అటక మీదవి, షోకేస్‌లోవి ముందు సర్దండి, రోజూ వాడే వంటింటి సామాను చివర్లో. సర్దే ముందే ఒక్కసారి ఏరేయండి. అంచు విరిగిన కప్పుకి అరగంట ప్యాకింగ్ ఎందుకు?

అట్టపెట్టెలు మందుల షాపులోనో కిరాణా కొట్టులోనో అడిగితే ఇస్తారు. నూనె ప్యాకెట్లు వచ్చే పెట్టెలు గట్టివే కానీ, అడుగున జిడ్డు తడి ఉందేమో చూసుకోండి. నానిన అట్ట పైకి బాగానే కనిపిస్తుంది, ఎత్తగానే అడుగు ఊడిపోతుంది. గాజు గ్లాసులకి అన్నిటికన్నా మంచివి వైన్ షాపు పెట్టెలు, లోపల సీసాకో గది చొప్పున అడ్డట్టలు ఉంటాయి. దేవుడి సామాన్ల పక్కన ఆ పెట్టెలేంటని ఇంట్లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తే, పైన ఉన్న బొమ్మల మీద తెల్లకాగితం అంటించేయండి. మా ఇంట్లో అదే చేశాం.

గాజు, పింగాణీ వేసే పెట్టె చిన్నదిగా ఉండాలి. నిండాక 12 నుంచి 15 కిలోలు దాటకుండా చూసుకోండి. ఒక మనిషి వంగి ఎత్తి, మెట్లు దిగగలగాలి. బరువెక్కువైన పెట్టెనే విసుగ్గా ధడేల్మని దించుతారు. అడుగున రెండు రెక్కలు కలిసే చోట బ్రౌన్ టేపు రెండు వరసలు వేసి, రెండు చివరల అంచుల మీద కూడా అడ్డంగా అంటించండి. రెక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి వదిలేస్తే ఆ అడుగు బరువుకి ఆగదు.

ఇక చుట్టడానికి బబుల్ ర్యాప్ కొనే ముందు బీరువా తెరవండి. ఎలాగూ తీసుకెళ్లాల్సిన నేత చీరలు, లుంగీలు, తువ్వాళ్లు, దుప్పట్లు, బొంతలు అక్కడే ఉన్నాయి. పట్టుచీరలు మాత్రం వద్దు, జరీ లాగుకుపోతుంది. పాత పేపర్లు ఎన్ని ఉన్నా సరిపోవు, పక్కింటివాళ్లనీ అడగండి. పేపరు సిరా తెల్ల పింగాణీకి అంటుతుంది. కడిగితే పోతుంది కానీ, రంగుల బొమ్మలకి అంటితే వదలదు. అలాంటివాటికి మొదటి పొర తెల్లకాగితమో మెత్తని పాత పంచె ముక్కో ఉండాలి.

కప్పులు, గ్లాసులు, ప్లేట్లు

పేపరు పరిచి, గ్లాసును ఒక మూలన పెట్టండి. ముందు గ్లాసు లోపల ఉండ చుట్టిన కాగితం కూరండి, గట్టిగా కాదు, కదలకుండా ఉంటే చాలు. తర్వాత ఆ మూల నుంచి దొర్లిస్తూ, మధ్యలో రెండు పక్కల అంచుల్ని లోపలికి మడుస్తూ పోవాలి, పాన్ చుట్టినట్టు. ఒక్కోదానికి రెండు పేపర్లు పడతాయి.

కప్పులో మొదట విరిగేది పిడి. సగం పేపరును తాడులా మెలితిప్పి, పిడి సందులోంచి రెండు చుట్లు తిప్పండి. పిడికీ కప్పుకీ మధ్య సందు నిండాకే మొత్తం కప్పును చుట్టాలి. సాసర్లు వేరే, కప్పులు వేరే.

పెట్టె అడుగున నలిపిన కాగితమో తువ్వాలో రెండు మూడు అంగుళాల మందాన పరవండి. బరువైనవి కింద, తేలికైనవి పైన. ప్లేట్లను దొంతరగా పేర్చడం మనకు అలవాటు, ఇక్కడ మాత్రం వద్దు. ఒక్కోదాన్ని చుట్టి, అలమరలో పుస్తకాలు పెట్టినట్టు నిలువుగా పక్కపక్కన నిలబెట్టండి. దొంతర పెడితే పై ప్లేట్ల బరువంతా, ప్రతి కుదుపూ అడుగు ప్లేటు మీదే పడుతుంది. గ్లాసులు కూడా నిలువుగానే ఉండాలి. ఒక వరస అయ్యాక అట్టముక్క వేసి, దాని మీద రెండో వరస. పైన మళ్లీ మెత్తగా నింపి, కాస్త ఒత్తితే గానీ మూత పడనంతగా ఉండాలి.

టేపు వేసే ముందు పెట్టెను రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా ఊపి చూడండి. లోపల గలగలమన్నా, ఏదో కదిలినట్టు అనిపించినా మళ్లీ తెరిచి ఆ ఖాళీ పూడ్చాలి. సాక్సులు, చేతిరుమాళ్లు ఇందుకు బాగా పనికొస్తాయి.

ఇంట్లో పెద్ద స్టీలు బియ్యం డబ్బా ఉంటే దాన్ని ఖాళీగా పంపకండి. చుట్టిన కప్పుల్ని తువ్వాళ్ల మధ్య అందులో పెడితే అట్టపెట్టె కంటే భద్రం. పాత ట్రంకు పెట్టె అయితే ఇంకా నయం. కానీ విడి గరిటెలు, చెంబులు మాత్రం గాజుతో కలపొద్దు.

జాడీలు

పచ్చడితో సహా జాడీని లారీ ఎక్కించకండి. పచ్చడిని వెడల్పు మూతి సీసాల్లోకి తీసి, మూతి మీద పాలిథీన్ కవరు వేసి, దాని మీద మూత బిగించి, మీతో పాటే కారులోనో బస్సులోనో తెచ్చుకోండి. స్టీలు డబ్బాలో వద్దు, ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తినేస్తాయి. కడిగిన జాడీని ఒక రోజు ఎండలో పెట్టాలి. తడి మీద గుడ్డ చుడితే విప్పేసరికి ముక్కిపోయిన వాసన వస్తుంది.

జాడీ లోపల తేలికైన బట్టలు నింపండి. చెవులున్న జాడీ అయితే చెవుల చుట్టూ ముందు గుడ్డ మెత్తలా పెట్టి, ఆపైన బొంత చుట్టాలి. మూతను వేరే గుడ్డలో మూటకట్టి, అదే పెట్టెలో ఒక మూలన నిలువుగా దూర్చండి. ఇది రాస్తుంటే మళ్లీ బాధేస్తోంది.

బొమ్మల కొలువు పెట్టె

దీనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చాలా తేలిక. చేతులు, కాళ్లు, ఆయుధాలు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకుల దగ్గరే ఊడతాయి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మే తీసుకోండి, సన్నని చెట్టు, దానికి అతుక్కున్న మనిషి, పైన ఆకులు. దాన్ని గట్టిగా చుట్టేస్తే ఒత్తిడంతా ఆకుల మీదా చేతుల మీదా పడుతుంది. అందుకని ముందు చెట్టుకీ మనిషికీ మధ్య, ఆకుల కింద దూది పెట్టాలి. ఒత్తిడి కాండం మీదా, అడుగు చెక్క మీదా పడేలా చుట్టాలి. అంబారీ ఏనుగు అంత ఇబ్బంది పెట్టదు, తొండం కింద ఒక ఉండ పెడితే చాలు.

రంగు మీద నేరుగా బబుల్ ర్యాప్ వేయకండి, ఎండకి ఆ బుడగల అచ్చు రంగు మీద పడిపోతుంది. ఏటికొప్పాక బొమ్మలకైతే వేడి అసలు పడదు. వాటి మీదున్నది లక్క, ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలేస్తే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. తలాడించే తంజావూరు బొమ్మ తల, నడుము విడదీసి వేర్వేరుగా చుట్టండి. మట్టి బొమ్మలు అడుగున, కర్ర బొమ్మలు పైన.

పటాలు, అద్దాలు, టీవీ, ఫ్రిజ్

అద్దమున్న దేవుడి పటాల మీద మాస్కింగ్ టేపును గుణకారం గుర్తులా అంటించండి. టేపు వల్ల అద్దం పగలకుండా ఉండదు, పగిలితే పెంకులు చెదరకుండా ఉంటుంది. బ్రౌన్ టేపు వాడితే జిగురు వదలక నానా తంటాలు. రెండేసి పటాల్ని మధ్యలో అట్ట పెట్టి ఎదురెదురుగా చేర్చి, దుప్పటి చుట్టి, నిలువుగా పెట్టాలి. పడుకోబెట్టిన పటం మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి పెట్టేస్తారు. బీరువా ఖాళీ చేసి తాళం వేసి, నిలువుటద్దం మీద అట్ట కప్పి, తాడు అద్దం మీద నేరుగా బిగియకుండా చూడండి.

టీవీ కొన్నప్పటి పెట్టె అటక మీద ఉంటే అదృష్టవంతులు. లేకపోతే తెర మీద మెత్తని దుప్పటి, దాని మీద పెద్ద అట్ట. ఎప్పుడూ నిలబెట్టే తీసుకెళ్లాలి. వైర్లు పీకే ముందు వెనక వైపు ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి, ఐస్ కరిగాక తుడిచి, లోపలి గాజు అరల్ని తీసి తువ్వాళ్లలో చుట్టండి. చాలామంది వాటిని లోపలే వదిలేస్తారు. ఫ్రిజ్ కూడా నిలువుగానే రావాలి, కొత్తింట్లో కొన్ని గంటలు నిలబెట్టాకే ప్లగ్ పెట్టండి. మైక్రోవేవ్‌లోని గాజు పళ్లెం సంగతీ అంతే, తీసేయాలి.

పెట్టె మీద ఏం రాయాలి? లారీలో ఎక్కడ పెట్టాలి?

అట్టపెట్టె మీద ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ఫ్రెజైల్ అని రాశాను ఒకసారి. మోసేవాళ్లెవరూ పట్టించుకోలేదు, ఎందుకు పట్టించుకుంటారు? ఇప్పుడు ఎర్ర మార్కర్‌తో గ్లాసు బొమ్మ గీసి, పైవైపుకి బాణం గుర్తు వేసి, పక్కన గాజు అని తెలుగులో, కాంచ్ అని హిందీలో రాస్తున్నాను. నాలుగు పక్కలా రాయాలి. మూత మీద మాత్రమే రాస్తే పైన ఇంకో పెట్టె పడగానే కనిపించదు. ప్రతి పెట్టెకీ నంబరు వేసి, లోపల ఏముందో పుస్తకంలో రాసుకోండి. ఖరీదైనవి సర్దే ముందు ఫోటో తీసుకోవడం మంచిది.

ప్యాకర్స్‌ను పెట్టుకుంటే ఇన్సూరెన్స్ గురించి ముందే అడగండి. ముఖ్యంగా మనం సర్దిన పెట్టెలో పగిలితే వర్తిస్తుందా లేదా అని. నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించుకోండి.

ఎక్కించేటప్పుడు మీలో ఒకరు లారీ దగ్గరే నిలబడాలి. బరువైనవి కింద ఎక్కాక, గాజు పెట్టెలు పైన, పరుపుల మధ్య ఇరికించినట్టు రావాలి. లారీలోనే బైకు ఎక్కిస్తే, దాని హ్యాండిల్ వాటి వైపు లేకుండా చూడండి. ఆషాఢం అయ్యాక శ్రావణంలో చాలామంది ఇళ్లు మారతారు, అది వానాకాలం. టార్పాలిన్ ఉన్నా సరే, బట్టలూ బొమ్మలూ పెట్టే పెట్టెల లోపల ముందు పెద్ద ప్లాస్టిక్ కవరు వేసి సర్దండి.

పాలు పొంగించే గిన్నె, దేవుడి పటం ఒకటి, పసుపు కుంకాలు, అగ్గిపెట్టె, కత్తెర ఒక సంచిలో మీ చేతిలోనే ఉండాలి. ముహూర్తం వేళకి ముప్పై పెట్టెల్లో అగ్గిపెట్టె వెతకడం ఎవరి వల్లా కాదు.

విప్పేటప్పుడు కింద దుప్పటి పరిచి, బ్లేడు లోతుగా దిగకుండా టేపు కోయండి. నలిపిన ప్రతి కాగితాన్నీ పూర్తిగా విప్పి, పుస్తకంలోని జాబితాతో సరిచూసుకున్నాకే పక్కన పడేయండి. మా పింగాణీ ఉప్పు చెంచా దారంతా క్షేమంగానే వచ్చి, ఆ నలిపిన కాగితాల్లో ఉండిపోయి, మర్నాడు పాత పేపర్ల అతని తక్కెడ ఎక్కి వెళ్లిపోయింది.