నాయకత్వాన్నీ అనుభవాన్నీ తర్వాతి తరానికి అప్పగించడం ఎలా?

ఏళ్ల తరబడి ఒక సంఘాన్నో, కుటుంబ వ్యాపారాన్నో, సేవాసంస్థనో నడిపిన పెద్దలు తప్పుకునేటప్పుడు తాళాలు, ఫైళ్లు, బ్యాంకు కాగితాలు చేతులు మారతాయి. అంతటితో అప్పగింత పూర్తయిందనుకుంటారు. కొన్ని నెలలు తిరక్కుండానే కొత్తవాళ్లు ప్రతి చిన్న విషయానికీ పాతవారికి ఫోన్ చేయడం మొదలవుతుంది, లేదా అసలు అడగడమే మానేసి పాత తప్పులనే మళ్లీ చేస్తారు. పనులు చేతులు మారాయి గానీ నిర్ణయం తీసుకునే తీరు మారలేదు. కష్టమైన భాగం అదే, అందుకే ఎక్కువ సమయం దానికే ఇవ్వాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పెద్దవారు ఆరోగ్యంగా, చురుగ్గా పనిలో ఉండగానే మొదలుపెట్టాలి. కనీసం 12 నెలలు కావాలి, 24 నెలలైతే మరీ మంచిది. బడ్జెట్, ఆడిట్, వార్షిక సమావేశం, ఒప్పందాల పునరుద్ధరణ వంటివి ఏడాదికి ఒక్కసారే వస్తాయి. మొదటి ఏడాది పక్కనుండి చూడటానికి, రెండో ఏడాది పెద్దవారు పక్కన ఉండగా సొంతంగా చేయడానికి.

జపాన్‌లోని ఇసే ఆలయాన్ని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు. 2013లో జరిగింది 62వ పునర్నిర్మాణం. కుర్రవయసులో సహాయకుడిగా చేరిన వడ్రంగి, మళ్లీ కట్టేనాటికి పని నడిపించే వయసుకు వస్తాడు. ఈ వ్యవధిలో పని తెలిసినవాళ్లు, నేర్చుకునేవాళ్లు ఒకేచోట కలిసి పనిచేసే అవకాశం దక్కుతుంది. ఏ సంస్థలోనైనా కావలసింది ఇలా కలిసి పనిచేసే కాలమే.

1. మూడు జాబితాలు రాయండి

మొదటిది కాగితం మీద ఉన్నవి: ఖాతాలు, సంతకాలు, పాస్‌వర్డ్‌లు, ఒప్పందాలు, గడువు తేదీలు. రెండోది మనుషులు: ఎవరితో ఏ సంబంధం ఉంది, ఎవరికి నోటిమాటగా ఏం హామీ ఇచ్చారు, ఎవరితో ఏ పాత మనస్పర్థ ఉంది. మూడోది పెద్దవారి ఆలోచన మీదే ఆధారపడిన నిర్ణయాలు. ఎవరికి అప్పు ఇవ్వాలి, ఏ గొడవలో తలదూర్చకూడదు, ఎప్పుడు ఆగాలి వంటివి.

మొదటి జాబితా ఒకటి రెండు వారాల్లో తేలిపోతుంది. రెండో జాబితాలో నోటిమాట హామీల్ని చాలామంది మరిచిపోతారు. కొత్తవాళ్లు తెలియక వాటిని తప్పితే మొదటి నెలలోనే నమ్మకం పోతుంది.

2. ఒక్కరిని కాదు, ఇద్దరు ముగ్గురిని తయారు చేయండి

ఒక్కరి మీదే ఆశ పెట్టుకుంటే, ఆ ఒక్కరు ఊరు మారినా, మనసు మార్చుకున్నా మొదటికొస్తుంది. ఎంపికలో మాటకారితనం కంటే చూడాల్సినవి రెండు: తనకు తెలియదని ఒప్పుకుని అడుగుతారా, చెడ్డ వార్తను వెంటనే చెబుతారా? చిన్న బాధ్యత ఒకటి మూడు నెలలు అప్పగించి చూస్తే ఈ రెండూ బయటపడతాయి.

3. సంఘటనల గురించి అడిగి అనుభవాన్ని రాబట్టండి

"మీ అనుభవం చెప్పండి" అంటే "నిజాయితీగా ఉండాలి, ఓపిక పట్టాలి" లాంటి మాటలే వస్తాయి. అందులో పెద్దవారి తప్పేమీ లేదు. అగ్నిమాపక దళాల నాయకుల మీద పరిశోధన చేసిన గ్యారీ క్లైన్ గమనించిందేమిటంటే, అనుభవజ్ఞులు చాలాసార్లు నాలుగు మార్గాలు పక్కపక్కన పెట్టి బేరీజు వేయరు. పరిస్థితిని చూడగానే అది ఏ రకమో పోల్చుకుని కదులుతారు. ఆ పోల్చుకోవడం వారికే ప్రత్యేకంగా కనిపించదు కాబట్టి దాన్ని నేరుగా అడిగితే చెప్పలేరు.

అందుకే ఒక కష్టమైన సంఘటనను ఎంచుకోండి. రెండు వారాలకోసారి, ప్రతిసారీ 60 నుంచి 90 నిమిషాలు కూర్చోండి. ముందు జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి. రెండోసారి మెల్లగా వెనక్కి తీసుకెళ్లి అడగండి:

- ఏదో తేడాగా ఉందని మొదట దేన్ని చూసి అనిపించింది?
- ఆ క్షణంలో మీకు తెలియనిది ఏమిటి?
- ఇంకేం చేయొచ్చని అనిపించింది, ఎందుకు వద్దనుకున్నారు?
- కొత్తవాళ్లు ఇక్కడ ఎక్కడ పొరబడతారు?
- పరిస్థితి ఎలా ఉండి ఉంటే మీరు దీనికి విరుద్ధంగా చేసేవారు?

చివరి ప్రశ్న చాలా విలువైనది. నియమం ఎక్కడిదాకా పనిచేస్తుందో దానితోనే తెలుస్తుంది. విన్నదాన్ని రెండు రోజుల్లోపు ఒక్క పేజీలో రాసి పెద్దవారికి చదివి వినిపించండి. వారు దిద్దేటప్పుడు, మొదటిసారి చెప్పనివి బయటికొస్తాయి. రికార్డు చేయాలంటే ముందే అడగాలి. ఇతరుల గుట్టు బయటపడే చోట రికార్డింగ్ ఆపేయాలి.

4. నిర్ణయాలను నాలుగు దశల్లో వదిలిపెట్టండి

మొదటి దశలో పెద్దవారు నిర్ణయిస్తారు, ఎందుకో అప్పుడే వివరిస్తారు. రెండో దశలో చిన్నవారు ముందుగా తమ అభిప్రాయం, కారణం చెబుతారు, ఆ తర్వాతే పెద్దవారు నోరు విప్పుతారు. ఈ వరుస తప్పకూడదు. పెద్దవారి మాట ముందు పడితే మిగిలినవారంతా దానికే తలూపుతారు. మూడో దశలో చిన్నవారే నిర్ణయించి, అమలుకు ముందు తెలియజేస్తారు. నాలుగో దశలో అమలయ్యాకే చెబుతారు.

వెనక్కి తీసుకోగలిగినవాటిని త్వరగా నాలుగో దశకు చేర్చండి: సమావేశం తేదీ, చిన్న కొనుగోళ్లు, పని పంపకం. ఆస్తి అమ్మకం, పెద్ద అప్పు, మనిషిని తొలగించడం వంటివి చివరిదాకా రెండు, మూడు దశల్లోనే ఉండాలి. ఖర్చుకు రాతపూర్వకమైన పరిమితి పెట్టి ఆరు నెలలకోసారి పెంచండి. బ్యాంకులో కొంతకాలం ఉమ్మడి సంతకాలు ఉంచడం మంచిదే, కానీ అవి ఏ తేదీతో ముగుస్తాయో మొదటిరోజే రాసుకోవాలి.

నష్టం భరించగలిగేదైతే చిన్నవారి పొరపాటును జరగనివ్వాలి. ప్రతిసారీ చివరి నిమిషంలో చేయి అడ్డుపెడితే, అడ్డుపెట్టే చేయి ఎప్పుడూ ఉంటుందని వారు అలవాటు పడతారు. సరిదిద్దాల్సినప్పుడు ఏకాంతంలో చెప్పండి. నలుగురిలో ఒక్కసారి కొట్టిపారేసినా, చిన్నవారి మాటకు విలువ లేదన్న సంకేతం సంస్థ అంతటికీ వెళుతుంది.

5. పని అయ్యాక ఒక అరగంట

ముఖ్యమైన పని ఏదైనా ముగిసిన రెండు రోజుల్లోపు కూర్చోండి. అమెరికా సైన్యం శిక్షణ తర్వాత సమీక్షలో వాడే నాలుగు ప్రశ్నలు ఇక్కడ బాగా పనికొస్తాయి: ఏం జరగాలనుకున్నాం, నిజంగా ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, వచ్చేసారి ఏం మారుస్తాం? మొదట చిన్నవారు మాట్లాడాలి. పెద్దవారు తమ తప్పును కూడా ఒప్పుకుంటేనే మిగిలినవారు నిజం చెబుతారు.

6. సంబంధాలను చేతికందించండి

ప్రతి ముఖ్యమైన వ్యక్తితో మూడు కలయికలు కావాలి. మొదటిదాన్ని పెద్దవారు నడుపుతారు. రెండోదానిలో చిన్నవారు మాట్లాడతారు, పెద్దవారు కూర్చుంటారు. మూడోదానికి చిన్నవారు ఒంటరిగా వెళతారు.

ఆ తర్వాత కూడా చాలామంది పాతవారికే ఫోన్ చేస్తారు. "ఇకపై ఆ నిర్ణయం వారిదే, వారికే చేయండి" అని చెప్పి పెట్టేయాలి. జాలిపడి ఒక్కరికి పని చేసిపెట్టినా రెండు అధికార కేంద్రాలు పుడతాయి. అప్పగింత చెడిపోయే చోటు ఎక్కువగా ఇదే.

7. తేదీ ప్రకటించి, దూరంగా ఉండండి

బాధ్యత మారే తేదీని కనీసం మూడు నెలల ముందు అందరికీ చెప్పండి. మారాక మొదటి నాలుగైదు వారాలు పెద్దవారు సమావేశాలకు రాకపోవడమే మేలు. అడిగితేనే సలహా, అదీ నెలకో రోజు, ముందే అనుకున్న సమయానికి. వారికి గౌరవమైన వేరే పని ఒకటి ముందే సిద్ధంగా ఉండాలి. ఖాళీగా కూర్చుంటే మనసు పాత కుర్చీ దగ్గరికే పోతుంది.

కొత్తవాళ్లు మొదటి మూడు నెలలు పాత పద్ధతుల్ని రద్దు చేయకుండా, ఒక్కోటి ఎందుకు వచ్చిందో కనుక్కోవాలి. కారణం ఇప్పుడు లేదని తేలితే నిస్సంకోచంగా మార్చవచ్చు, పెద్దలు దాన్ని అవమానంగా తీసుకోకూడదు.

సమయం లేకపోతే

అనారోగ్యం వల్ల కొద్ది వారాలే మిగిలితే వరుస మార్చండి. మొదట నోటిమాట హామీలు, తర్వాత సంతకాలు, పాస్‌వర్డ్‌లు, ఆ తర్వాత ముఖ్యమైన ఐదారుగురికి పెద్దవారి చేత ఫోన్‌లో పరిచయం. ఓపిక ఉంటేనే సంఘటనల గురించి అడగండి, అదీ 20 నిమిషాలకు మించకుండా, ఉదయం పూట, ఒక రోజుకు ఒకే సంఘటన.