బోట్ కవర్లలో ముందు పోయేది గుడ్డ కాదు, దారం
బోట్ కవర్లు కుట్టేవాళ్ళకి ఒక మాట. కవర్‌కి వాడే యాక్రిలిక్ కాన్వాస్ గుడ్డ ఏళ్ళ తరబడి బానే ఉంటుంది కానీ పైన కుట్టు దారం ఎండకి ముందే పొడిపొడిగా రాలిపోతుంది, అప్పుడు కస్టమర్ మన పనినే తిడతాడు. అందుకే ఎండ తగిలే చోట మామూలు పాలిస్టర్ బదులు పీటీఎఫ్ఈ (అంటే టెఫ్లాన్) దారం వాడండి, రేటు చాలా ఎక్కువే గానీ మళ్ళీ విప్పి కుట్టే కూలీ ముందు అదేమంత కాదు. అది జారుడుగా ఉంటుంది కాబట్టి మిషన్ టెన్షన్ (దారం బిగువు) తుక్కు గుడ్డ మీద సరిచూసుకుని, చివర్లలో వెనక్కి నాలుగు కుట్లు ఎక్కువేయండి, లేకపోతే ఊడొస్తుంది. అన్నట్టు బోటు సీట్లకి గుడ్డ బిగించే స్టేపుల్ పిన్నులు మాత్రం 316 స్టెయిన్‌లెస్‌వే (ఉప్పు గాలికి బాగా తట్టుకునే రకం స్టీలు) కొట్టండి, మామూలువి ఉప్పు గాలికి తుప్పు పట్టి సీటు వినైల్ (ప్లాస్టిక్ తోలు) మీద మరకలు తేలతాయి, అవి ఎంత రుద్దినా పోవు.